కళ్లంలో ఇంగ్లీషు

మా వదినకు ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషులో నోరు తెరవడమే రాదు. తెలుగులోనూ ఆమె పెద్దగా నోరు తెరిచేది కాదు గానీ, తెలుగులో ఆమెకు ఎవరూ పరీక్ష పెట్టలేదు.

అరవైల చివరి మాట ఇది. నేను విజయనగరంలో పి.యు.సి. చదువుతూ, వేసవి సెలవులకు నరసన్నపేట దగ్గరున్న మా ఊరొచ్చాను. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అన్నయ్యకు పొలం, ఎడ్లు తప్ప మూడో సంగతి పట్టేది కాదు. ఏ మాట అడిగినా "అమ్మనడుగు" అనేసి కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. కాబట్టి ఇల్లంటే అమ్మే. అమ్మ గొంతు వీధి చివరి వరకూ వినబడేది. వదిన గొంతు పక్క గదిలోకి కూడా వినబడేది కాదు.

వదిన బడిపంతులు కూతురు. ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతో ప్యాసై, ఆ ఏడే మా ఇంటికి కోడలుగా వచ్చింది. పాత పేపరు ముక్క ఏది దొరికినా, అది బెల్లం చుట్టిన కాగితమైనా సరే, చదవకుండా పారేసేది కాదు. అందులో ఇంగ్లీషు ముక్క ఉంటే మరీను. పొయ్యి ముందు కూర్చుని పెదవులు కదుపుతూ చదువుకునేది. అమ్మ చూసి, "ఏటే, మంత్రాలు సదువుతన్నావా?" అనేది. ఆ అనడంలో కోపం ఉండేది కాదు.

నిజానికి అమ్మకు వదినంటే మహా గర్వం. ఆ గర్వానికి కారణం చదువు కాదు, వద్దనడం. మా ఇంట్లో తిండి పెట్టేటప్పుడు ఒక పద్ధతుండేది. మొదటిసారి అడిగితే "వద్దు" అనాలి. రెండోసారి "చాలు, చాలు" అనాలి. మూడోసారి విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టాలి, కానీ వేళ్ళ మధ్య సందు వదలాలి. అప్పుడు పెట్టేవాళ్ళు ఆ సందులోంచి పెడతారు. మొదటిసారికే "వెయ్యి" అన్నదాన్ని ఆబగుంట అంటారు. ఇంట్లో ఆబగుంటను నేను. వదిన మాత్రం వద్దనడంలో దిట్ట. పీట వేసి కూర్చోమన్నా వద్దు, కొత్త చీర తెస్తే వద్దు, ఒంట్లో బాగులేదు పడుకోవే అన్నా వద్దు. అమ్మ ఊరుకునేది కాదు, మళ్ళీ అడిగేది, మళ్ళీ మళ్ళీ అడిగేది. "పెంపకమంటే అదీ" అని వీధిలో అందరికీ చెప్పుకునేది.

అంతకు ముందు ఏడాది మా ఇంట్లో ఒక కష్టం జరిగింది. వదినకు ఏడో నెలలో ఒంట్లో తేడా చేస్తే బండి కట్టి, తర్వాత బస్సు మీద, పెద్ద రోడ్డు మీది ఊళ్ళో ఉన్న ఒక మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు పరదేశం మనిషి, తెలుగు ముక్క రాదు. ఆవిడ ఇంగ్లీషులో అడిగింది కాంపౌండరు తెర బయట నిలబడి తెలుగులో అడిగేవాడు. నొప్పి ఉందా అని అడిగాడు. వదిన లేదంది. వాళ్ళు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి బిడ్డ పోయాడు. మగబిడ్డ.

ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. వదినే నాతో ఒకసారి, చింతపండు పిక్కలు తీస్తూ చెప్పింది. "తెర అవతల మగవాడు నిలబడి అరుస్తుంటే ఏం చెప్తాను? ఎక్కడని చెప్తాను? డాక్టరమ్మతో నేనే చెప్దామంటే ఇంగ్లీషు అంతా నోట్లోనే ఉంది, బయటికి రాలేదు." అని పిక్కలు బుట్టలో పోసి లేచిపోయింది. 

ఆ వేసవిలోనే మా ఊరి చర్చి ఉపదేశి గారి భార్య ఒక కబురు తెచ్చింది. ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చిందట. పాతావిడ దేశం వెళ్ళిపోయిందట. కొత్తావిడ, రోగుల మాట తనకు ఇంగ్లీషులో చెప్పి, తన మాట వాళ్ళకు తెలుగులో చెప్పడానికి పక్కన ఒక ఆడమనిషి కావాలంటోందట. రాయించి చూస్తుంది, మాట్లాడించి చూస్తుంది, అంతే పరీక్ష. "మీ కోడలికి ఇంగ్లీషు వచ్చు కదమ్మా" అంది ఉపదేశి గారి భార్య.

అమ్మ మండిపడింది. "ఆ గడప మళ్ళీ తొక్కుతాదేటి మా పిల్ల? నా మనవణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన కాడికా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉపదేశి గారి భార్య చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. వదిన ద్వారబంధం పట్టుకుని నిలబడింది. అమ్మ ఏడుపు ఆగేదాకా కదల్లేదు. ఆగాక, "అత్తా, నేనెళ్తాను" అంది.

అంత చిన్న మాటే. కానీ అమ్మ ముందు ఆమె నోట "నేను" అన్న మాట నేను వినడం అదే మొదలు. అమ్మ కూడా విన్నట్టుంది. ఆమె మొహంకేసి చూసి, "ఒక్కపాలి ఎల్లండి. అవకపోతే మరింక ఆ మాట నా ఇంట ఎత్తకండి" అంది.

ఉన్నది ఒక్క అవకాశం. పంతులమ్మను నేను. నాకేమో ముక్కు మీద కోపం.

రాత పని పొద్దుటి పూట. కాగితం దండగని పలక మీదే రాయించేదాన్ని. నా దగ్గర ఇంగ్లీషు వ్యాసాల గైడు ఒకటుంది. అందులో వానాకాలం అంటే పిల్లలు గొడుగులేసుకుని కాగితం పడవలు వదులుతారు. వదిన దాన్ని శ్రద్ధగా చదివి, పలక తుడిచి, తన వానాకాలం రాసింది. మడిలో నారు పీకుతుంటే వేళ్ళు ఎలా నానిపోతాయో, పొయ్యిలో పుల్లలు ఎలా అంటుకోవో, ఎడ్లు ఎలా చిరాకు పడతాయో రాసింది. గైడులో ఉన్నది రాయమని నేను కసిరాను. "మన ఊళ్ళో గొడుగున్న పిల్లలెవరూ లేరు కదా" అంది. నేను ఒక చోట పెద్దక్షరం పెట్టలేదని చీవాట్లు పెట్టాను.

అసలు గొడవ మాట్లాడించడం దగ్గర. ఇంట్లో అత్తగారు ఉండగా గొంతెత్తడం వదినకు చేతకాదు. అందుకని సాయంత్రం పూట కళ్లంలోకి తీసుకెళ్ళేదాన్ని. నూర్పులు అయిపోయి కళ్లం బోడిగా ఉండేది. ఈ చివర బండరాయి మీద నేను డాక్టరమ్మనై కూర్చునేదాన్ని. ఆ చివర వదిన నిలబడి నా ప్రశ్నలకు జవాబు చెప్పాలి, అది నాకు వినబడాలి.

"నీ మాట నీ ముక్కుకైనా వినబడిందా వదినా?" అని అరిచేదాన్ని.

ఆమె నవ్వేది. నవ్వు మాత్రం వినబడేది.

కొన్నాళ్ళకు సుద్దముక్క విసిరాను, అలిగి ఇంటికి వెళ్ళిపోతానని బెదిరించాను, ఒకరోజు నిజంగానే వెళ్ళిపోయాను. వెనకనుంచి ఇంగ్లీషులో పెద్దగా "ఆగు!" అని వినబడింది. తిరిగి చూస్తే వదిన తన నోరు తనే చేత్తో మూసుకుని నిలబడింది. ఆ రోజునుంచి గొంతు మెల్లగా దారిలో పడింది.

తర్వాత నేను రోగినయ్యాను. ఇది నాకు భలే ఇష్టంగా ఉండేది. "ఓలమ్మో, కాలు జివజివలాడతన్నాది, ఒళ్ళంతా పీకేస్తన్నాది, కడుపులో దేవేస్తన్నాది" అని మూలుగుతూ దొర్లేదాన్ని. అదంతా వదిన ఇంగ్లీషు చెయ్యాలి. జివజివకు మాట నా డిక్షనరీలో దొరకలేదు. దొరకదని నేను వదిలేశాను. వదిన ఆ సాయంత్రమంతా ఆలోచించి, "ఈమె కాలి లోపల చీమలు నడుస్తున్నాయి అంటాను, డాక్టరమ్మకు అర్థమవుతుంది" అంది. పి.యు.సి. చదువుతున్నదాన్ని, నాకు ఆ ఊహ రాలేదు. ఒళ్ళు మండింది, ముచ్చటా వేసింది.

కళ్లంలో అరుపులు విని ఒకరోజు అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. నేను చటుక్కున లేచి, "అమ్మా, నువ్వు కూర్చో. నువ్వే డాక్టరమ్మవి. నీ ముందు మాట్లాడగలిగితే వదిన ఎవరి ముందైనా మాట్లాడుతుంది" అన్నాను. అమ్మ ముందు ఛీ అంది, తర్వాత వద్దంది, తర్వాత బండరాయి మీద చీపురు పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

"మీ అత్త మంచిదేనేటే?" ఇదీ డాక్టరమ్మ మొదటి ప్రశ్న.

వదిన తల వంచుకునే, కానీ గట్టిగా, ఇంగ్లీషులో చెప్పింది. మా అత్తగారు మంచివారు, ఎక్కువగా అరుస్తారు, కానీ నేను తినకపోతే తానూ తినరు, అని.

"ఏటన్నాది?" అని అమ్మ నన్నడిగింది.

"మంచిదానివే అంది."

"మరంత పొడుగు ఏటున్నాది అందులో?"

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో అలా నవ్వుకుని అప్పటికి ఏడాది అయి ఉంటుంది. అమ్మ లేచి చీపురు తీసుకుంటూ, "గొంతు బాగుంది గానీ, దాన్నింకా గట్టిగా అరవమను" అని నాకు చెప్పి వెళ్ళింది.

పరీక్ష రోజు మమ్మల్ని ఇద్దరినే పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. పెరుగన్నం మూట కట్టుకుని తానూ బయల్దేరింది. తెల్లారకుండానే బస్సెక్కాం. దారి పొడుగునా వదిన పెదవులు కదులుతూనే ఉన్నాయి. అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రి వరండాలో ఒక పొడుగాటి బల్ల ఉంది. నేను, వదిన కూర్చున్నాం. అమ్మ కూర్చోలేదు. కాళ్ళు పీకుతాయి కూర్చోమ్మా అన్నాను. "ఆ రోజు పొద్దస్తమానం ఈ బల్ల మీదే కూకున్నాను. లోనకి రానివ్వనేదు" అని, గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

మా ముందు మరో ఇద్దరు వచ్చి వెళ్ళారు. వదినే ఆఖరు. ముందు రాయించారు, మీ ఇంట్లో ఒక రోజు గురించి రాయమని. తర్వాత డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. ఆ గదికి సగం తలుపులు, కిందా పైనా ఖాళీ. లోపలి మాటంతా నాకు వినబడుతోంది. ప్రాణం చెవుల్లో పెట్టుకుని విన్నాను. వదిన గొంతు కళ్లంలో వినబడినట్టే వినబడింది. ఎక్కడా తడబడలేదు. చీమలు నడిచిన కాలు కూడా ఎలాగో ఇరికించింది. డాక్టరమ్మ నవ్వింది. రాసింది బాగుందంది, మాట స్పష్టంగా ఉందంది. సంతోషం పట్టలేక అమ్మ చెయ్యి గిల్లాను.

అప్పుడు డాక్టరమ్మ అడిగింది. "మీరొచ్చి మా దగ్గర పని చేస్తారా?"

వదిన ఎంతో మర్యాదగా, నవ్వుతున్న గొంతుతో, "నో, నో, మేడమ్" అంది.

తర్వాత డాక్టరమ్మ, అయ్యో, విచారంగా ఉంది, వచ్చినందుకు థాంక్స్ అంది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

వదిన వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చింది. "అడిగారు! పని చేస్తారా అని అడిగారు!"

"నో అన్నావేం?" అన్నాను.

"మొదటిసారి కదా. అడగ్గానే ఊఁ అంటే బాగుంటుందా? మళ్ళీ అడుగుతారు."

"ఎప్పుడు? మనం బస్సెక్కాకా?" అని అరిచాను. వాళ్ళకు నో అంటే నో అనీ, మళ్ళీ అడగడం వాళ్ళ మర్యాద కాదనీ, అంతా అయిపోయిందనీ గబగబా ఏకరువు పెట్టాను. చెప్తూ ఉండగానే ఆమె మొహంలో రంగు పోవడం చూశాను, అయినా నోరు ఆగలేదు. వదిన బల్ల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి, "మరింక ఆ మాట ఎత్తకూడదు కదూ" అంది. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

"ఏటైనాది?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ ఏమంటుందో నాకు తెలుసనుకున్నాను. పోన్లే, మంచిదే అయినాది, పదండి ఇంటికి అంటుంది. అనుకున్నట్టుగానే మూట ముడి బిగించింది. బిగించి నా చేతుల్లో పెట్టింది. వదిన మణికట్టు పట్టుకుని లేవదీసి, అటెండరు అడ్డం వస్తున్నా, సగం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మూటతో నేనూ వెనకే దూరాను.

డాక్టరమ్మ వార్డుకు వెళ్ళడానికి లేచి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఆగింది. నేను ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టబోయాను.

"నువ్వు నోరు ముయ్యే. అదే సెప్పాల" అని అమ్మ నన్ను పక్కకు నెట్టింది. డాక్టరమ్మ కేసి తిరిగింది. "అమ్మా, మా పిల్ల ఒద్దన్నాదంటే ఒద్దని కాదు. మా ఇంట అడగ్గానే ఊఁ అనకూడదు. నానే నేర్పాను."

వదిన నోరు కదిలింది. మాట బయటికి రాలేదు.

"ఇనబణ్ణేదు! కళ్లంలో అరిసినట్టు అరవే!"

వదిన గొంతు సవరించుకుంది. ఈవిడ మా అత్తగారు అని మొదలుపెట్టి, అమ్మ అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"మీరు ఊరి ఆడదాన్ని నొప్పుందా అని ఒకపాలి అడుగుతారు. నేదంటాది. రెండోపాలి అడిగితే కొంచెం అంటాది. మూడోపాలి అడిగితే ఏడుస్తాది, అప్పుడు సెప్తాది ఎక్కడో. పోయినేడు ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే, మా కోడల్ని ఒక్కపాలే అడిగారు. నేదన్నాది. ఎల్లిపోయారు. నాను అడుగుదునమ్మా, పదిపాలులు అడుగుదును. నన్ను బయట కూకోబెట్టేసేరు. ఇయ్యాల నాను బయట కూకోను."

వదిన చెప్పుకుంటూ వచ్చింది. ఊరి ఆడవాళ్ళ దాకా గొంతు నిలకడగానే ఉంది. ఆ తర్వాతది, ఇంగ్లీషులో, "ఈవిడ కోడలిని ఒక్కసారే అడిగారు. ఆమె లేదని చెప్పింది" అని ఆగింది. కళ్ళు నేలమీద ఉన్నాయి. తర్వాత తల ఎత్తి, డాక్టరమ్మ మొహంలోకి సూటిగా చూసింది. ఆమె అలా ఒక మనిషి మొహంలోకి చూడడం నేనెప్పుడూ చూడలేదు.

"నన్ను. నేనే లేదని చెప్పాను. నొప్పి ఉంది. చాలా ఉంది. నా బిడ్డ పోయాడు" అంది.

అది అమ్మ మాట కాదు, అనువాదం కాదు. ఏడాదిగా నోట్లో ఉండిపోయిన ఇంగ్లీషు అది. నేను తలుపు పట్టుకుని నిలబడి, పెరుగన్నం మూట గుండెలకు అదుముకుని ఏడుస్తున్నాను. అమ్మకు ఆ ముక్కలు అర్థం కాకపోయినా ఏ చోటికి వచ్చిందో తెలిసింది. వదిన మణికట్టు వదిలేసి, భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక్కొక్క మాటే విడిగా, మెల్లగా, మొదట అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది.

"మీరొచ్చి మా దగ్గర పని చేస్తారా?"

అలవాటైన తల అడ్డంగా ఊగబోయింది. అమ్మ భుజం నొక్కింది.

"యెస్, మేడమ్" అంది వదిన.

ఆమె ఆ ఆసుపత్రిలో ఎన్నో ఏళ్ళు పని చేసింది. ఆ కథ వేరు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనబడేది మాత్రం ఆ తర్వాతి కాసేపే. డాక్టరమ్మ లేచి, అమ్మకు తనే కుర్చీ జరిపి, పెద్దావిడ టీ తాగుతారేమో కనుక్కోమని వదినతో ఇంగ్లీషులో అంది. వదిన తెలుగులో అడిగింది.

"ఒద్దమ్మా, ఇంటికాడ తాగే బయల్దేరేం" అంది అమ్మ. పచ్చి అబద్ధం. పొద్దుటినుంచి ముగ్గురి గొంతులోనూ మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు.

వదిన డాక్టరమ్మ కేసి తిరిగింది. "వద్దంటున్నారు, మేడమ్" అని, వెంటనే, "దయచేసి మళ్ళీ అడగండి" అంది. అదే ఆ ఉద్యోగంలో ఆమె చేసిన మొదటి పని.

డాక్టరమ్మ ఈసారి వదినతో కాకుండా నేరుగా అమ్మకేసి చూసి, చేత్తో కప్పు పట్టుకున్నట్టు చూపిస్తూ అడిగింది.

"సాలు, సాలు. మీకెందుకమ్మా శ్రమ" అంది అమ్మ.

మూడోసారి అడగమని డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. తనే అడిగింది.